అరచేతిలో షోరూము

ఢిల్లీ వసంత్ కుంజ్‌లో నెల్సన్ మండేలా రోడ్డు మీద మారుతీ సుజుకీ ప్రధాన కార్యాలయం ఉంది. ఏటా లక్షల కార్లు అమ్మే కంపెనీ అది. అయినా అక్కడ పీట వేసి కూర్చోబెట్టింది మాత్రం ఓ పాతకాలపు బుల్లి కారును. తెల్ల రంగు, 796 సీసీ ఇంజను, డీఐఏ 6479 అన్న నెంబరు. 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ తాళాలు అందించిన మొట్టమొదటి మారుతీ 800 అదే.

ఆ తాళాలు అందుకున్న హర్‌పాల్ సింగ్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. లక్షమందికి పైగా ముందే డబ్బు కట్టి ఎదురుచూస్తుంటే లాటరీలో అదృష్టం ఆయన్ను వరించింది. 2010లో కన్నుమూసేదాకా ఆయన ఆ కారును వదిలిపెట్టలేదు. ఆ తర్వాత అది గ్రీన్ పార్క్‌లోని ఇంటి ముందు ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టింది. ఆ దుస్థితి ఫొటోలు ఇంటర్నెట్‌లో తిరిగాయి. చివరికి కంపెనీయే దాన్ని బాగుచేయించి తన దగ్గర ప్రదర్శనకు పెట్టుకుంది.

కొనేముందు హర్‌పాల్ సింగ్ ఎన్ని వీడియోలు చూసి ఉంటారు? ఒక్కటి కూడా చూసి ఉండరు. చూసేందుకు అప్పుడవి లేవు. అంబాసిడర్, ఫియట్, కొత్తగా వచ్చిన మారుతీ. ఆ రోజుల్లో మధ్యతరగతి ముందున్న దారులు దాదాపు అంతే. ఏ కారు కొనాలన్నది అప్పట్లో ప్రశ్నే కాదు, ఎప్పుడు దొరుకుతుందన్నదే ప్రశ్న. ఇప్పుడు తలకిందులైంది. కారు వెంటనే దొరుకుతుంది. ఏది కొనాలో తేలక జనం నెలల తరబడి ఫోన్లలో తల దూర్చి కూర్చుంటున్నారు.

అదే రోడ్డు మీద కాస్త ముందుకు వెళ్తే వరుసగా మాల్స్ కనిపిస్తాయి. 2008లో తెరిచిన డీఎల్ఎఫ్ ఎంపోరియో వాటిలో ఖరీదైనది. అలాంటి చోట ఓ విదేశీ కారు గర్జిస్తూ వచ్చి ఆగితే, తాళాలు అందుకునే కుర్రాడి కన్నా ముందు ఫోన్లు పైకి లేస్తాయి. ముందు నుంచి ఒక షాటు, చక్రాలు ఒక షాటు, సైలెన్సర్ శబ్దం కాసేపు. పావుగంటలో అది వీడియోగా మారి ఎక్కడో ఒంగోలులోనో ఆదిలాబాద్‌లోనో ఓ కుర్రాడి అరచేతిలో వాలుతుంది. ఆ కారు ధర ఎంతో, చక్రాలు ఎన్ని అంగుళాలో అతనికి కంఠస్థం. సొంతదారు కన్నా అతనికే బాగా తెలుసు.

కార్ల మీద మోజు కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో బీబీసీ 'టాప్ గేర్' 1977లోనే మొదలైంది. 2002లో కొత్త రూపం తొడుక్కుని ప్రపంచమంతా తిరిగింది. అమెరికాలో 'మోటార్‌వీక్' 1981 నుంచి నడుస్తోంది. మన ఇంగ్లిష్ న్యూస్ చానళ్లు కూడా వారానికి ఓ అరగంట కార్లకు కేటాయించేవి. అయితే అవన్నీ స్టూడియోలు, సిబ్బంది, పెట్టుబడి ఉన్నవాళ్ల పనులు. 2005లో యూట్యూబ్ వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. అంతే, కెమెరా ఉన్న ప్రతివాడూ యాంకర్ అయ్యాడు. హిందీలో, తమిళంలో, తెలుగులో వందల చానళ్లు పుట్టుకొచ్చాయి. షోరూము అరచేతిలోకి వచ్చేసింది. దాంతోపాటు వైకుంఠం కూడా.

ఇప్పుడు వసంత్ కుంజ్‌లో ఓ తెలుగు ఇంటిని ఊహించుకోండి. స్కూటరే మధ్యతరగతి వాహనంగా ఉన్న రోజుల్లో డీడీఏ కట్టిన ఫ్లాటు. కింద కారు పెట్టే చోటు కోసం రోజూ సాయంత్రం ఇరుగుపొరుగుతో ఓ చిన్న యుద్ధం. తండ్రిది గుంటూరు వైపు, కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం. కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు. చేతిలో ఉన్నది పాత చిన్న కారు. కొత్తది కొనాలని ఇంట్లో ఆరు నెలలుగా చర్చ నడుస్తోంది.

"నాన్నా, సన్‌రూఫ్ లేని బండి ఇప్పుడు ఎవరూ కొనట్లేదు."

"ఈ ఢిల్లీ ఎండల్లో నెత్తి మీద కిటికీ ఎందుకురా?"

"అమ్మేటప్పుడు రేటు రాదు నాన్నా. అందరూ అదే చెప్తున్నారు."

"అందరూ అంటే ఎవరు?"

కొడుకు ఫోన్ చూపిస్తాడు. ఆ 'అందరూ' అందులోనే ఉన్నారు. నల్ల టీషర్టులు, ఎడారి ఇసుకలో దూసుకుపోయే కార్లు, వెనక హోరెత్తే సంగీతం. వాళ్లను తండ్రి ఎప్పుడూ కలవలేదు, కలవబోడు. అయినా ఆ ఇంట్లో ఫ్లాటు తర్వాత అతి పెద్ద ఖర్చును నిర్ణయిస్తున్నది వాళ్లే. పన్నెండు లక్షల బండికి ఏడేళ్ల వాయిదాలు కట్టాల్సింది మాత్రం ఆయనే.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో దానికి కారు కొని చూడు అని కూడా చేర్చుకోవచ్చు. నిజానికి కారు వీడియోకు పెళ్లిచూపులతో పోలిక బాగా కుదురుతుంది. పిల్ల తల వంచుకుని కాఫీ ఇస్తుంది, ఓ పాట పాడుతుంది, అందరికీ నచ్చుతుంది. కానీ కాపురం వేరు. పదేళ్ల తర్వాత ఎవరి కోపం ఎలాంటిదో ఆ అరగంటలో తేలదు. కొత్త కారు వీడియో కూడా ఆ అరగంటే. ఇక చెప్పేవాడి పాత్ర పెళ్లిళ్ల పేరయ్యది.

కొత్త మోడల్ విడుదలకు ముందు కంపెనీ కొంతమందిని పిలుస్తుంది. ఏ ఉదయ్‌పూర్‌కో గోవాకో విమానం టికెట్టు, మంచి హోటల్లో బస. తెల్లారాక వరసగా నిలబెట్టిన కార్లు. నున్నటి రోడ్డు మీద కొన్ని గంటలు నడపడానికి, చిత్రీకరించడానికి సమయం. ఫలానా రోజు, ఫలానా గంట దాకా ఎవరూ వీడియో బయట పెట్టకూడదన్న షరతు. అందుకే ఆ గంట కొట్టగానే ఒకే కారు, ఒకే కొండ మలుపు, ఒకే సూర్యాస్తమయం ఇరవై చానళ్లలో ఒకేసారి ప్రత్యక్షమవుతాయి. తర్వాత కంపెనీ రెండు మూడు రోజులకు ఓ కారును చేతికిస్తుంది. అది కడిగి, తుడిచి, సరిచూసి పంపిన కారు. పదో నెలలో డోరు ప్యానెల్ కిటకిటలాడుతుందా, మూడో సర్వీసుకు బిల్లు ఎంతవుతుంది, విడిభాగం కోసం ఎన్ని వారాలు ఆగాలి అన్నవి దాన్ని నడిపినవాడికి తెలియవు. ఆ మాట నిజాయితీగా చెప్పేవాళ్లూ ఉన్నారు. చెప్పినవాళ్ల కన్నా సైలెన్సర్ శబ్దం వినిపించినవాళ్లకే చూపరులు ఎక్కువ.

ఇందులో డబ్బు సంగతి దాచాల్సిన పని లేదు. వీడియో ముందు, మధ్యలో వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం యూట్యూబ్ చానల్ యజమానికి ఇస్తుంది. కెమెరా, పెట్రోలు, ఎడిటింగ్ ఖర్చులు పోను దానితో ఇల్లు గడవడం చాలామందికి కష్టం. కాబట్టి పాలిష్ కంపెనీ, సీటు కవర్ల దుకాణం, ఇన్సూరెన్స్ సంస్థ, కొన్నిసార్లు కారు కంపెనీయే ఆదుకుంటాయి. అది తప్పు కాదు. చూసేవాడికి చెప్పకపోవడమే తప్పు. ప్రకటనల రంగం స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2021 జూన్ నుంచి ఇలాంటివాళ్లకు నిబంధనలు పెట్టింది. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఇంకాస్త స్పష్టంగా చెప్పింది. డబ్బే కాదు, ఉచిత ప్రయాణం, హోటల్ బస, బహుమతి, తగ్గింపు ధర, ఏది తీసుకున్నా అది ప్రయోజనమే. ఆ సంగతి వీడియోలో కనిపించేలా, వినిపించేలా, మాట్లాడుతున్న భాషలోనే చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి రూ.10 లక్షల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా జరిమానా పడుతుంది. చట్టం పదునుగానే ఉంది. వీడియో అడుగున వివరాల పెట్టెలో, ఎవరూ నొక్కని చోట, ఆ ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవడం కూడా అంతే సులువుగా ఉంది.

అలాగని వీళ్లందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఇంజను శబ్దం విని మోడల్ పేరు చెప్పే కుర్రాడికి అది వ్యాపారం కాదు, ప్రేమ. పాత ప్రీమియర్ పద్మినిని గ్యారేజీలో విప్పి, ఒక్కో బోల్టూ తుడిచి, మళ్లీ రోడ్డెక్కించే దాకా చూపించే వీడియోలున్నాయి. వాటిలో అమ్మకానికి ఏమీ ఉండదు. చూసేవాళ్లలో చాలామంది కొనేవాళ్లు కూడా కారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కారున్న కుటుంబాలు నూటికి 8 కూడా లేవు. ఢిల్లీలో దాదాపు 19, తెలంగాణలో 5, ఆంధ్రప్రదేశ్‌లో 3 కన్నా తక్కువ. అంటే ఈ వీడియోల ముందు కూర్చున్నవాళ్లలో అత్యధికులు బస్సు దిగి వచ్చినవాళ్లు, బైకు వాయిదాలు కడుతున్నవాళ్లు. వాళ్లకది సినిమా. టికెట్టు లేని సినిమా. హీరో విదేశాల్లో పాట పాడితే తప్పుపట్టనప్పుడు, మూడు కోట్ల కారు తలుపు తెరుచుకోవడం చూసి మురిసిపోతే తప్పేముంది?

తెలుగులో ఈ వీడియోలు మొదలయ్యాక ఒక మంచి జరిగింది. అంతకుముందు కార్ల గురించి తెలుసుకోవాలంటే ఇంగ్లిష్ పత్రిక చదవాలి, లేదా సేల్స్‌మన్ చెప్పింది నమ్మాలి, లేదా కారున్న బావమరిదిని అడగాలి. ఇప్పుడు టార్క్ అంటే ఏమిటో, టర్బో ఎందుకో, ఆటోమేటిక్ గేర్లలో రకాలేమిటో ఎడ్లబండి, ట్రాక్టరు ఉపమానాలతో చెప్పేవాళ్లున్నారు. యాంకర్ 'బూట్ స్పేస్' అన్నా ఇంట్లో అడిగేది మాత్రం "డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పడతాయా?" అనే. స్టెప్నీ ఉందా లేదా అన్నది మరో ప్రశ్న. కొన్ని కొత్త కార్లలో అది ఉండటం లేదు. టైరులో గాలిని కనిపెట్టే పరికరం, పంక్చరు కిట్టు ఉంటే చాలని 2020లో నిబంధన సడలించారు. రాత్రిపూట శ్రీశైలం ఘాట్‌లో టైరు చిరిగితే ఆ కిట్టు ఏం చేస్తుందో తెలుగు చూపరి అడిగితే తప్ప ఎవరికీ తట్టదు. 2019 ఆగస్టులో పెనుకొండ దగ్గరి కియా కర్మాగారం నుంచి సెల్టోస్ విడుదలైనప్పుడు మన గడ్డ మీద తయారైన కారు అంటూ చూసినవాళ్లలో గర్వం కూడా తోడైంది.

అయితే మన దేశంలో కార్ల బజారును నిజంగా మార్చిన వీడియోల్లో యాంకరే లేడు. సంగీతం లేదు. సూర్యాస్తమయం లేదు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన రోడ్ల మీద బాగా అమ్ముడయ్యే అయిదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి చూసింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఎయిర్‌బ్యాగులు లేని ఆ మోడళ్లలో పెద్దల రక్షణకు ఒక్కదానికీ ఒక్క నక్షత్రం రాలేదు. కొన్ని సెకన్ల ఆ దృశ్యంలో బొమ్మ మనిషి తల స్టీరింగ్‌కు కొట్టుకోవడం చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారు. "మైలేజీ ఎంత?" అని మాత్రమే అడిగే దేశం "నక్షత్రాలెన్ని?" అని అడగడం నేర్చుకుంది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న తొలి భారతీయ కారు అయింది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరిట మన సొంత పరీక్ష అమల్లోకి వచ్చింది. ఈ ఫలితాలను ఇంటింటికీ చేర్చిన పుణ్యం మాత్రం కచ్చితంగా యూట్యూబ్ కుర్రాళ్లదే. ఒక ఆసక్తి ప్రాణాలు కాపాడే పనికొస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అదే కుర్రాళ్లు వెనక సీటు దగ్గరకొచ్చేసరికి మోకాళ్లకు ఎంత చోటుందో జానతో కొలిచి చూపిస్తారు. బెల్టు పెట్టుకుని చూపించేవాళ్లు తక్కువ. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర చనిపోయింది ఖరీదైన విదేశీ కారులోనే. వెనక సీటులో ఉన్న ఆయన బెల్టు పెట్టుకోలేదు. ఆ ఏడాది దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది. వారిలో 16 వేల మందికి పైగా సీటుబెల్టు లేనివారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. సన్‌రూఫ్ గురించి మూడు నిమిషాలు మాట్లాడే వీడియో వెనక బెల్టుకు ముప్పై సెకన్లు ఇవ్వలేదా? ఆ సన్‌రూఫ్‌లోంచి పిల్లల్ని నిలబెట్టి ఊరేగించే దృశ్యాలు పెళ్లి ఊరేగింపుల్లో మామూలైపోయాయి. బండి ఒక్కసారి బ్రేకు వేస్తే ఆ పిల్లల గతేమిటో ఎవరూ చిత్రీకరించరు.

వసంత్ కుంజ్ ఇంటికి మళ్లీ వద్దాం. అక్కడి తండ్రికి ఈ వీడియోల్లో దొరకని జవాబు మరొకటుంది. ఢిల్లీలో ఈ బండిని ఎన్నేళ్లు నడపనిస్తారు? జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014, 2015 సంవత్సరాల్లో ఇచ్చిన ఆదేశాలతో రాజధాని ప్రాంతంలో డీజిల్ బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు ఆయుష్షుగా మారింది. 2018లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. 2025 జులై 1 నుంచి గడువు తీరిన బండ్లకు బంకుల్లో ఇంధనం పోయొద్దన్నారు. జనం గగ్గోలు పెట్టడంతో కొద్దిరోజుల్లోనే ఆపేశారు. ఆగస్టులో సుప్రీంకోర్టు వయసు చూసి చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరులో ఆ ఊరటను బీఎస్-4, ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసింది. కోర్టు కనికరించిన బండి కూడా చలికాలంలో గాలి చెడితే ఇంట్లో కూర్చోవాల్సిందే. కాలుష్యం మూడో దశ ఆంక్షలు మొదలైతే బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిల్ కార్లు రోడ్డెక్కకూడదు. ఏడేళ్ల వాయిదాలు కట్టబోయే మనిషికి ఇది సన్‌రూఫ్ కన్నా పెద్ద విషయం. కానీ దేశమంతటికీ ఒకే వీడియో చేసేవాడికి ఢిల్లీ పొగ గురించి మాట్లాడితే చూపరులు తగ్గుతారు. నెల్సన్ మండేలా రోడ్డు మీది ఆ మొదటి మారుతీ కూడా ఈ నిబంధనల ముందు రోడ్డెక్కలేదు. ఎంత బాగుచేసినా అది ఇప్పుడు చూసుకోవడానికే.

ఢిల్లీకి చేదైనది మరో ఊరికి తీపి. గుంటూరు నుంచి బావమరిది ఫోన్ చేస్తాడు. "బావా, కరోల్ బాగ్‌లో ఎనిమిదేళ్ల డీజిల్ బండి సగం రేటుకే ఇస్తున్నారంట. వీడియోలో చూశా. కొత్తదానిలా ఉంది. నువ్వోసారి వెళ్లి చూసిరాకూడదూ?" ఢిల్లీ పాత కార్ల దుకాణాల వీడియోలకు తెలుగు రాష్ట్రాల్లో గిరాకీ బాగా ఉంది. వరసగా నిలబెట్టిన ఆడీలు, బీఎండబ్ల్యూలు, ఫార్చ్యూనర్లు. ఒక్కోదాని మీద చేయి వేసి "సింగిల్ ఓనర్, ముప్పై వేలే తిరిగింది" అంటూ ధర చెప్పే యాంకర్. మన ఊళ్లో చిన్న కారు ఖర్చుతో పెద్ద కారు వస్తుందంటే ఎవరి మనసు లాగదు?

వీడియో ఆగిపోయిన చోట అసలు కథ మొదలవుతుంది. ఢిల్లీ రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తేవాలి. పాత అప్పు ఉంటే బ్యాంకు నుంచి తీరిపోయిందన్న కాగితం తేవాలి. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి. మన రాష్ట్రంలో బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పెద్ద కారుకు ఆ పన్ను కూడా పెద్దదే. తిరిగింది ముప్పై వేలేనా అన్నది మీటరుకు, దాన్ని తిప్పినవాడికి మాత్రమే తెలుసు. సర్వీసు రికార్డు, బీమా క్లెయిముల చరిత్ర అడిగి చూస్తే చాలా నిజాలు బయటపడతాయి. పైన పటారం, లోన లొటారం అన్న మాటను మనవాళ్లు పాత కార్ల కోసమే పుట్టించారా అనిపిస్తుంది. తర్వాత దాన్ని వదిలించుకోవాలంటే కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. ఇన్ని చెప్పినా బావమరిది ఒకటే మాట అంటాడు: "అయినా బావా, వీడియోలో భలే ఉంది."

ఈ మోజులో ప్రాణం మీదికొచ్చే మలుపు ఇంకొకటుంది. రివ్యూ మెల్లగా వేగం ప్రదర్శనగా మారడం. స్పీడోమీటరు మీద కెమెరా, ముల్లు పైకి ఎగబాకడం, వెనక కేరింతలు. 2023 మేలో ఓ యువ యూట్యూబర్ ఆగ్రా నుంచి ఢిల్లీ వస్తూ యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద ప్రాణాలు పోగొట్టుకున్నాడు. బైకును గంటకు 300 కిలోమీటర్ల వేగానికి తీసుకెళ్లే ప్రయత్నం అని నాటి వార్తలు చెప్పాయి. కారైనా బైకైనా రోడ్డు ఒకటే. 2022 మరణాల్లో నూటికి 70కి పైగా అతివేగం ఖాతాలోవే. టెస్ట్ ట్రాక్ మీద, హెల్మెట్‌తో, అంబులెన్స్‌ను పక్కన పెట్టుకుని చేసే పని వేరు. ఎదురుగా ట్రాక్టరు, పక్కన స్కూటరు, మధ్యలో ఆవు ఉన్న రోడ్డు వేరు. ఈ తేడా చెప్పని వీడియో, అడుగున "ఇలా చేయకండి" అని ఎన్ని అక్షరాలు వేసుకున్నా, పదిహేడేళ్ల కుర్రాడికి పాఠంగా నేర్పేది వేగాన్నే.

మరి చూడటం మానేయాలా? అక్కర్లేదు. ఏది ఎందుకు చూస్తున్నామో తెలిస్తే చాలు. కలల కోసం చూసేవాడు కలలు చూడొచ్చు. కొనడం కోసం చూసేవాడు మొదటి రోజు వీడియోలు పక్కన పెట్టి, అదే కారును రెండేళ్లు, యాభై వేల కిలోమీటర్లు నడిపిన సొంతదారు మాట వెతకాలి. అలాంటి వీడియోలకు వెలుగులు, హంగులు ఉండవు. ఎండిపోయిన చెట్టు కింద నిలబడి, బిల్లులు చేత్తో పట్టుకుని, "క్లచ్ ఇంతకి మార్చాను, బ్యాటరీ అంతకి వేయించాను" అని చెప్పే సాదాసీదా మనుషులు వాళ్లు. చూసేవాళ్లు వందల్లోనే ఉంటారు. కానీ వాళ్లు చెప్పేది కాపురం కథ. హర్‌పాల్ సింగ్ కెమెరా పట్టుకోకుండానే చెప్పిన కథ అదే. ఒకే మనిషి, ఒకే కారు, ఇరవై ఆరేళ్లకు పైగా. ఏ యాంకరూ ఇవ్వలేని రివ్యూ అది.

ఇంకో దారి ఇంటి పక్కనే ఉంటుంది. వసంత్ కుంజ్‌ను ఆనుకుని ఉన్న ఊళ్ల సందుల్లో అయినా, గుంటూరు ఆటోనగర్‌లో అయినా చేతికి గ్రీజు అంటిన మెకానిక్‌ను అడిగితే చాలు. ఏ మోడల్ తన దగ్గరకు తరచూ వస్తుందో, దేని విడిభాగం వెంటనే దొరుకుతుందో అతను రెండు వాక్యాల్లో చెప్పేస్తాడు. అతనికి కంపెనీ విమానం టికెట్టు పంపదు, ఏ మోడల్‌ను పొగిడినా అతనికి పైసా రాదు.

షోరూముకు వెళ్లేటప్పుడు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లడం మరీ మంచిది. వసంత్ కుంజ్ ఇంట్లో తండ్రి, కొడుకు ఆరు నెలలు వాదించుకున్న ఆ ఎత్తయిన బండిలో మోకాళ్ల నొప్పుల నాయనమ్మ కూడా ఎక్కాలి కదా. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పైన హ్యాండిల్ వెతుక్కుంటూ ఆమె ఎక్కి కూర్చునే తీరును ఏ వీడియోలోనూ చూపించరు. కూర్చున్నాక ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎక్కడమైతే ఎక్కాను గానీ, దిగేదెట్లారా?"

కొడుకు ఫోన్ జేబులో పెట్టి ఆమెకు చేయి అందిస్తాడు. ఆ పక్కనే కాస్త తక్కువ ఎత్తున్న బండి ఒకటి నిలబడి ఉంటుంది. దానికి సన్‌రూఫ్ ఉండకపోవచ్చు. వెనక సీటులో బెల్టు సరిగా పడుతుందా, నాయనమ్మ కాలు నేలకు అందుతుందా అన్నది ఆ రోజు వాళ్లు స్వయంగా చూసుకుని రావాల్సిన సంగతి.